‘శ్రీ’ అనగానే ‘వ’ నిషేధం!

బర్కత్‌పురవాసులకు చిక్కడపల్లి త్యాగరాయ గానసభ నడిచి వెళ్లే దూరమే. అక్కడ అష్టావధానం జరిగే రోజున అందరూ అవధానినే చూస్తారు. మీరు మాత్రం తర్వాత రాబోయే అక్షరాన్ని ఊహించి నిషేధించే నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి మీద ఓ కన్నేసి ఉంచండి.

సరస్వతిని కందంలో స్తుతించమన్నారనుకుందాం. అవధాని ‘శ్రీ’ అంటాడు. శ్రీవాణి అంటాడేమోనని పృచ్ఛకుడు ‘వ’ నిషేధిస్తాడు. అవధాని ‘మం’ అంటాడు. మంగళమేమో, ‘గ’ వద్దు. ‘జు’. మంజులమా? ‘ల’ కూడా వద్దు. ‘భా’! మంజుభాషిణికి దారి దొరికినట్టే. కానీ రెండో అక్షరంగా ‘మ’ పడింది కాబట్టి, ప్రాస కోసం మిగతా మూడు పాదాల్లోనూ అక్కడ మకారమే రావాలి. ఈలోగా సమస్య, దత్తపది, వర్ణన ఇచ్చినవాళ్లు కాచుక్కూర్చుంటారు. అప్రస్తుత ప్రసంగి ‘మీ ఇంట్లో ఇవాళ కూరేంటండీ?’ అని మధ్యలో దూరతాడు. అవధాని కాగితం, కలం ముట్టకూడదు. చివర్లో పద్యాలన్నీ అప్పజెప్పాలి. అదే ధారణ.

ఈ విద్యకు ఊరూరా పేరు తెచ్చిన జంట దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870-1950). తెలంగాణలో గద్వాల, ఆత్మకూరు సంస్థానాలకూ వెళ్లారు. పండితులకు మీసాలేమిటన్నవాళ్లకు, మమ్మల్ని గెలవండి, తీసేస్తామని పద్యంలోనే సవాలు విసిరారు. ఆ బాటలోనే 1996లో కాకినాడలో అవధాని గరికిపాటి నరసింహారావు 1116 మంది పృచ్ఛకులను ఎదుర్కొన్నారు.

దారికి అడ్డుపడే ఈ నిషిద్ధాక్షరిని ఓ కంప్యూటర్ ఆటతో పోల్చి చూడండి. అమెరికాలో విలియం క్రౌథర్ 1976 ప్రాంతంలో రాసి, డాన్ వుడ్స్ 1977లో పెంచిన కంప్యూటర్ ఆట ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’. అందులో బొమ్మల్లేవు, అన్నీ మాటలే. గుహలో పాము దారికి అడ్డంగా ఉంటుంది. పంజరంలోని పిట్టను వదిలితే పాము పారిపోతుంది. అయితే చేతిలో కడ్డీ ఉంటే ఆ పిట్ట అసలు దొరకనే దొరకదు! గంటలకొద్దీ జుట్టు పీక్కోవాల్సిన చిక్కే. కాకపోతే జవాబును ఆట రాసినవాడు ముందే దాచిపెట్టాడు. ఒకసారి తెలిస్తే చిన్నపిల్లాడైనా దాటేస్తాడు.

నిషిద్ధాక్షరిలో ఆ వెసులుబాటు లేదు. అవధాని వేసిన అడుగును బట్టి పృచ్ఛకుడు అప్పటికప్పుడు దారి మూస్తాడు. అందుకు అతనికీ ఛందస్సు, నిఘంటువు నోటికి రావాలి. శాలువాలు, చప్పట్లు మాత్రం అవధానికే. ఈసారి అవధానం ఆహ్వానపత్రం చేతికొస్తే పృచ్ఛకుల పేర్లు కూడా చదవండి. నిషిద్ధాక్షరికి గట్టివాడు కూర్చున్న సభనే ఎంచుకోండి.