లాల్‌గడి మలక్‌పేట్ చాయ్ హోటల్లో ఒక బ్యాలెన్స్ షీట్

మొన్నామధ్య ఒక ఆదివారం మా ఆఫీసు మిత్రుడొకడు "శామీర్‌పేట దాటాక ప్లాట్లున్నాయి, చూసొద్దాం రా" అని పొద్దున్నే లాక్కెళ్ళాడు. రాజీవ్ రహదారి మీద చెరువు దాటి, తుర్కపల్లి చుట్టుపక్కల కాసేపు తిరిగి, చివరికి లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర చాయ్ కోసం ఆగాం. ఒక పక్క పెద్ద పెద్ద ప్రహరీ గోడలు, గాజు అద్దాల ల్యాబులు. ఇంకో పక్క మేకలు. హోటల్లో కూర్చున్న ఒక పెద్దాయన మా ప్లాట్ల ముచ్చట్లన్నీ విని నవ్వాడు.

"ఏం సార్, భూమి కొనెతందుకు వచ్చిండ్రా? ఈడ ఎకరం వేలల్ల పోయింది నేను చూసిన. కొన్నోడు అమ్ముకున్నడు, వాని దగ్గర కొన్నోడు గూడ అమ్ముకున్నడు. అందరు బాగుపడ్డరు. మరి నష్టం ఎవరికొచ్చిందో మీ కంప్యూటర్ల దొరుకుతదా?"

నేను కూడా నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్న ఇంటిదాకా వెంటొచ్చింది. అందుకే ఈ టపా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మనం రోజూ వెళ్ళే ఆఫీసుల్లో సగం ఏ భూమి మీద ఉన్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ భూమి చాలావరకు ఒకే సంస్థ చేతుల మీదుగా వచ్చింది. దాని పేరు ఏపీఐఐసీ, అంటే ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ. 1973 సెప్టెంబరులో పుట్టింది. ఇది ప్రభుత్వ శాఖ కాదండోయ్, కంపెనీల చట్టం కింద రిజిస్టరైన కంపెనీ. బోర్డు ఉంటుంది, ఎండీ ఉంటాడు, ఆడిటర్లు ఉంటారు. వాటాలన్నీ మాత్రం ప్రభుత్వానివే. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వాటాకి వచ్చింది టీఎస్ఐఐసీ అయింది, ఇప్పుడు దాన్నే టీజీఐఐసీ అంటున్నారు.

దీని పని చెప్పుకోడానికి చాలా సింపుల్. కలెక్టరు ద్వారా సర్కారు భూమి గానీ, రైతుల దగ్గర సేకరించిన పట్టా భూమి గానీ తీసుకోవడం. రోడ్లు, నీళ్ళు, కరెంటు ఇచ్చి పరిశ్రమలకి కేటాయించడం. జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి పారిశ్రామికవాడల కాలం నుంచీ అదే పని.

న్యాయంగా చెప్పుకోవాలంటే మంచి కూడా జరిగింది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరులో మొదలైంది. దాన్ని కట్టిన కంపెనీలో ఎల్ అండ్ టీ వాటా 89 శాతం, ఏపీఐఐసీది 11 శాతం. ఆ 11 శాతం తక్కువా ఎక్కువా అన్నది వేరే చర్చ గానీ, ఎవరి వాటా ఎంతో అందరికీ తెలుసు, కట్టాల్సిన బిల్డింగ్ కట్టారు, అందులో మనవాళ్ళకి ఉద్యోగాలొచ్చాయి. ఇటు శామీర్‌పేట వైపు 1999లో జీనోమ్ వ్యాలీ అన్నారు. తుర్కపల్లిలో ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్క్ వచ్చింది, దానికి భూమి ప్రభుత్వమే ఇచ్చింది. భారత్ బయోటెక్ ఇక్కడిదే. 2021 జనవరిలో అత్యవసర అనుమతి వచ్చిన కోవాగ్జిన్ ఈ చుట్టుపక్కల నుంచి వచ్చిందే. కాబట్టి "సర్కారు భూమి ఇస్తే అదంతా దోపిడీయే" అని వాదించేవాళ్ళతో నేను ఏకీభవించను.

మరి తేడా ఎక్కడొస్తుంది? దానికి శామీర్‌పేట వదిలి ఊరికి అవతలి కొసకి, మణికొండ, నానక్‌రామ్‌గూడ వైపుకి వెళ్ళాలి.

2002లో దుబాయ్‌కి చెందిన ఎమ్మార్ ప్రాపర్టీస్‌తో ఏపీఐఐసీ ఒక ఒప్పందం చేసుకుంది. 2003లో అది పూర్తి స్థాయి ఒప్పందమైంది. గోల్ఫ్ కోర్సు, కన్వెన్షన్ సెంటరు, స్టార్ హోటలు, విల్లాల టౌన్‌షిప్.. మొత్తం 535 ఎకరాల ప్రాజెక్టు. గోల్ఫ్ కోర్సుకి 235 ఎకరాలు 66 ఏళ్ళ లీజు, దాని మీద ఏటా వచ్చే ఆదాయంలో 2 శాతం ఏపీఐఐసీకి. కన్వెన్షన్ సెంటరుకి 15 ఎకరాలు. టౌన్‌షిప్ భూమి ఎకరం 29 లక్షల చొప్పున అమ్మకం.

కన్వెన్షన్ సెంటరు వచ్చింది. 2006 మేలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడే జరిగింది. ఊరికి పేరొచ్చింది, కాదనను. గొడవంతా టౌన్‌షిప్‌తోనే.

టౌన్‌షిప్ కంపెనీలో ఏపీఐఐసీ వాటా మొదట 49 శాతం. తర్వాత అది 26 శాతానికి తగ్గింది. ఆ తర్వాత 2006 నుంచి అసలు కథ. టౌన్‌షిప్ కట్టి అమ్మే పనిని ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే మరో కంపెనీకి అప్పజెప్పారు. సీబీఐ చెప్పిన దాని ప్రకారం, అమ్మకాల్లో 75 శాతం ఆ కొత్త కంపెనీకి, 25 శాతం టౌన్‌షిప్ కంపెనీకి.

ఇప్పుడు లెక్క చూడండి. వంద రూపాయల అమ్మకం జరిగితే టౌన్‌షిప్ కంపెనీకి వచ్చేది 25. అందులో ఏపీఐఐసీ వాటా 26 శాతం అంటే ఆరున్నర రూపాయలు. అది కూడా ఖర్చులు పోను ఏమైనా మిగిలితే. భూమి ఇచ్చినవాడికి ఆరున్నర! పైగా కాగితం మీద గజం 5 వేలు చూపించి, పైన ఎన్నో రెట్లు వసూలు చేశారనేది సీబీఐ చేసిన ఇంకో ఆరోపణ. అదే నిజమైతే ఆ వంద రూపాయలు కూడా అసలు వంద కాదన్నమాట.

2011 ఆగస్టులో హైకోర్టు ఆదేశంతో సీబీఐ కేసు పెట్టింది. 2012లో ఛార్జిషీట్లు వేసింది. ఎవరు దోషులో తేల్చాల్సింది కోర్టు, నేను కాదు. నాకు ఆసక్తి కలిగించిన విషయం వేరే. సదరు టౌన్‌షిప్ కంపెనీ బోర్డులో ఏపీఐఐసీ తరఫు డైరెక్టర్లుంటారు. 26 శాతం వాటా ఉన్నవాడు ప్రత్యేక తీర్మానాన్ని ఆపగలడు. అంటే చేతిలో బ్రేకు ఉంది. మరి బండి పల్లంలోకి జారుతుంటే బ్రేకు ఎందుకు పడలేదు?

దీనికి నాకు తోచిన జవాబులు మూడు.

మొదటిది, కుర్చీ. ఇలాంటి సంస్థకి ఎండీగా వచ్చేది ఐఏఎస్ అధికారి. ఏ రోజు బదిలీ అవుతుందో ఆయనకే తెలీదు. ఒప్పందం 66 ఏళ్ళది. బోర్డులో మిగతావాళ్ళలో చాలామంది ఏవో శాఖల కార్యదర్శులు, హోదాని బట్టి వచ్చి కూర్చునేవాళ్ళు. మన భాషలో చెప్పాలంటే, కోడ్ రాసినవాడు ప్రాజెక్టు మారిపోయాడు, డాక్యుమెంటేషన్ లేదు, కొత్తగా వచ్చినవాడు "ఇది ఇంతకు ముందే అప్రూవ్ అయింది కదా" అని సంతకం పెట్టేశాడు. మనమూ చేస్తాం ఆ పని, అబద్ధమెందుకు! కాకపోతే మనం చేస్తే రాత్రి సర్వర్ పడిపోతుంది, ఎవరో ఒకరికి ఫోన్ వస్తుంది. అక్కడ ఏ ఫోనూ మోగదు.

ఎందుకు మోగదు? అదే రెండో జవాబు, ఖాతా పుస్తకం. ఇలాంటి సంస్థల లెక్కల్లో భూమి విలువని అప్పుడెప్పుడో కొన్న ఖర్చు కిందే రాస్తారు. ఎకరం లక్షకి సేకరించారనుకుందాం. మార్కెట్లో అది కోటి అయ్యాక 29 లక్షలకి ఇచ్చారనుకుందాం. పుస్తకంలో ఏం కనిపిస్తుంది? 28 లక్షల లాభం! ఆడిటర్ సంతోషం, బోర్డు సంతోషం, చప్పట్లు. పోయిన 71 లక్షలు ఏ కాలంలోనూ ఉండవు. లేని కాలంలో ఎర్ర సిరా ఎక్కడ వేస్తారు? (ఇవి ఉదాహరణ కోసం వేసిన అంకెలే సుమా.) మామూలు ప్రైవేటు కంపెనీలో అయితే ఏదో ఒక వాటాదారు లేచి "మన ఆస్తి ఇంత చవకగా ఎందుకిచ్చారు" అని అడుగుతాడు. ఇక్కడ వాటాదారు ప్రభుత్వం. కేటాయించమని జీవో ఇచ్చిందీ అదే ప్రభుత్వం. ఇహ అడిగేదెవరు?

ఒకరు అడిగారు లెండి. కాగ్. 2006 నుంచి 2011 వరకు ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన భూ కేటాయింపుల మీద 2012లో నివేదిక ఇచ్చింది. ఆ అయిదేళ్ళలో వెయ్యి మందికి పైగా లబ్ధిదారులకి 88 వేల పైచిలుకు ఎకరాలు ఇచ్చారని లెక్క తేల్చింది, ధరల విషయంలో చాలా ఘాటుగా రాసింది. కానీ కాగ్ వచ్చేది పోస్ట్‌మార్టమ్‌కి. రోగి బతికుండగా చూసే డాక్టరు వేరే ఉండాలి.

మూడోది, రిస్కు. భూమి వ్యాపారంలో మూడు రకాల రిస్కులుంటాయి. వాటిలో రెండింటిని మనవాళ్ళు పట్టించుకోనే లేదు.

రేటు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది ఒకటి. అది అందరికీ తెలుసు, చాయ్ హోటల్లో కూడా చర్చిస్తారు.

రెండోది పరిహారం రిస్కు. 1894 నాటి పాత భూసేకరణ చట్టం కింద రైతు పరిహారం చాలలేదని కోర్టుకెళ్ళొచ్చు. కోర్టు పెంచితే, పెంచిన మొత్తం మీద 30 శాతం సొలేషియం, పైన వడ్డీ. భూమి స్వాధీనం చేసుకున్న నాటి నుంచి మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం. కేసు పదిహేనేళ్ళు నడిస్తే వడ్డీయే అసలుని మింగేస్తుంది. ఈలోగా ఆ భూమిని ఫిక్స్‌డ్ రేటుకి ఎవరికో అమ్మేసి ఉంటారు. ఒప్పందంలో "పెంపు వస్తే కొన్నవాడే భరించాలి" అన్న ఒక్క వాక్యం ఉందా లేదా అన్నదాని మీద కోట్లు ఆధారపడి ఉంటాయి.

మూడోది టైటిల్ రిస్కు, అంటే అసలు ఆ భూమి నీదేనా అన్నది. మణికొండ జాగీరులో 1,654 ఎకరాలు దర్గా హుస్సేన్ షా వలీకి చెందిన వక్ఫ్ భూమి అని 2006లో వక్ఫ్ బోర్డు నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పటికే అందులో చాలా భాగాన్ని ప్రభుత్వం, ఏపీఐఐసీ కంపెనీలకీ సంస్థలకీ ఇచ్చేశాయి. లాంకో హిల్స్ లాంటి చోట్ల మనలాంటి ఉద్యోగులు ఫ్లాట్లు బుక్ చేసుకున్నారు. ఒక చేత్తో ప్రభుత్వ కంపెనీ అమ్ముతుంది, ఇంకో చేత్తో ప్రభుత్వం నియమించిన బోర్డు "అది అమ్మే హక్కు నీకు లేదు" అంటుంది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనని తీర్పిచ్చింది. పదహారేళ్ళు! ఆ పదహారేళ్ళూ ఈఎంఐలు మాత్రం ఆగలేదు కదా.

"ఇవన్నీ పాత కథలు, ఇప్పుడు మారిపోయింది" అంటారా? 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చిన మాట నిజమే, పరిహారం పెరిగింది, ప్రైవేటు ప్రాజెక్టుకైతే 80 శాతం మంది ఒప్పుకోవాలన్నారు. కానీ కంచ గచ్చిబౌలి చూడండి. ఆ 400 ఎకరాలని 2003లో ఐఎంజీ భారత అనే సంస్థకి క్రీడల కోసమని ఇచ్చారు. 2006లో రద్దు చేశారు. కోర్టుల్లో తిరిగి తిరిగి 2024లో ప్రభుత్వం గెలిచింది, భూమి టీజీఐఐసీకి వెళ్ళింది. దాన్ని చూపించి సుమారు పదివేల కోట్లు బాండ్ల ద్వారా సమీకరించారు. 2025 వసంతంలో బుల్‌డోజర్లు వెళ్ళాయి, యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేయమంది. చెట్లూ, నెమళ్ళూ, అది అడవా కాదా అన్న వాదన ఒక ఎత్తు. నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. పదివేల కోట్ల అప్పు తెచ్చే ముందు "ఈ భూమి మీద కోర్టు స్టే వస్తే ఏం చేద్దాం" అన్న ప్రశ్న ఏ బోర్డు మీటింగ్ మినిట్స్‌లోనైనా ఉందా? ఉంటే జనానికి చూపించొచ్చు కదా, డబ్బు తిరిగి కట్టేది మనమేగా!

నేను ఆర్థికవేత్తని కాదు. అయినా కొన్ని చిన్న పనులతో చాలా తేడా వస్తుందనిపిస్తుంది. కేటాయింపు చేసిన రోజు మార్కెట్ విలువ ఎంతో, ఇచ్చిన ధర ఎంతో పక్కపక్కనే వెబ్‌సైట్లో పెట్టాలి. తేడా ఉండొచ్చు, ఉద్యోగాల కోసం రాయితీ ఇవ్వొచ్చు, కానీ ఇంత రాయితీ ఇచ్చాం అని రాసి ఇవ్వాలి. జాయింట్ వెంచర్లో ప్రభుత్వ వాటా తగ్గాలంటే ఒక ఎండీ సంతకం చాలకూడదు, అసెంబ్లీ ముందుకి రావాలి. బోర్డులో కనీసం ఇద్దరైనా బదిలీ భయం లేని బయటివాళ్ళుండాలి. టైటిల్ కేసులున్న భూముల జాబితా కొనేవాడికి ముందే కనిపించాలి. ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. మనం ఒక మామూలు అప్లికేషన్‌కి ఇంతకంటే ఎక్కువ కంట్రోల్స్ పెడతాం.

2009 జనవరిలో సత్యం కూలినప్పుడు మనం రోజుల తరబడి టీవీల ముందు కూర్చున్నాం. ఎందుకంటే అందులో మన జీతాలు, మన షేర్లు ఉన్నాయి. స్వతంత్ర డైరెక్టర్లు ఏం చేస్తున్నారని ఊరంతా అడిగింది. మరి పుట్టుకతోనే మనమందరం వాటాదారులమైన కంపెనీ ఒకటుంది. దాని వార్షిక నివేదిక మనలో ఎంతమంది చదివాం? నేనైతే ఈ మధ్య దాకా చదవలేదు, ఒప్పుకుంటున్నాను.

ఆ రోజు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి బయల్దేరుతుంటే పెద్దాయన మళ్ళీ పలకరించాడు. "నష్టం ఎవరిదో దొరికినంక చెప్పుండ్రి సార్, నేను రోజు ఈడనే కూసుంట." మా మిత్రుడు ప్లాటు కొనలేదు. రేటు నచ్చక కాదు, లింకు డాక్యుమెంట్లు చూపించమంటే అమ్మేవాడు "అదంతా క్లియరే సార్" అని నవ్వాడట, అది నచ్చక. ఒక్క ప్లాటు కొనడానికే వాడు అంత ఆలోచించాడు. వేల ఎకరాలు ఇచ్చేవాళ్ళు కూడా అంతే ఆలోచించాలని అడగడం అత్యాశా?

ఈసారి అటు వెళ్ళినప్పుడు పెద్దాయనకి చెప్పాల్సిన జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. "నష్టం దొరికింది తాతా. కాకపోతే అది రాసుకునే గడి మన పుస్తకంలో ఇంకా గీయలేదు."