ముందు ఎవరికి? - ఫ్లూ టీకా వరుస చరిత్ర

టీకా అందరికీ సరిపడా ఉంటే ముందెవరికన్న ప్రశ్నే పుట్టదు. ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారిగా వచ్చినప్పుడు మాత్రం ఆ ప్రశ్న తప్పదు. కొత్త వైరస్‌ను ఎక్కువగా కోడిగుడ్లలోనే పెంచి, శుద్ధిచేసి, పరీక్షించి సీసాలలో నింపేసరికి అయిదారు నెలలు గడుస్తాయి. వ్యాధి అంతకాలం వేచి ఉండదు. తొలి సీసాలు చేతికందే నాటికి ఊళ్లన్నీ దగ్గుతూ ఉంటాయి. అప్పుడు మీరైతే ఎవరిని ముందు పిలుస్తారు? వృద్ధులనా, పసివారినా, వైద్య సిబ్బందినా? మీ సమాధానం మనసులో ఉంచుకొని ఈ చరిత్ర చదవండి.

1957 వసంతంలో హాంకాంగ్‌లో ఫ్లూ ప్రబలుతోందన్న వార్తను మారిస్ హిల్లెమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పత్రికలో చదివాడు. వెంటనే అక్కడి నమూనాలు తెప్పించి, అది కొత్త వైరస్ అని గుర్తించి, టీకా సంస్థలను కదిలించాడు. ఆ ఏడు పుంజులను కోయవద్దని రైతులకు చెప్పమన్నాడట. పుంజులు లేకపోతే ఫలదీకరణ చెందిన గుడ్లుండవు, గుడ్లు లేకపోతే టీకా ఉండదు! ఆయన ముందుచూపు వల్ల శరదృతువుకే కోట్ల డోసులు తయారయ్యాయి. అయితే వాటిని పంచింది వ్యాపార మార్గాలే. వైద్య సిబ్బందికి, అత్యవసర సేవలవారికి ముందు ఇవ్వాలని ప్రభుత్వం సలహా ఇచ్చింది గాని, ఆ సలహాకు బలవంతం లేదు. ముందుగా ఆర్డరు పెట్టిన సంస్థల ఉద్యోగులకు ముందుగా అందింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటేనన్న మన సామెత అక్కడా చెల్లింది.

బర్డ్ ఫ్లూ భయం నడుస్తున్న 2005లో అమెరికా ప్రభుత్వం ఈ వరుసను ముందే కాగితం మీద పెట్టింది. మొదట టీకా తయారుచేసేవారు, వైద్య సిబ్బంది. ఆ వెనుక ఏదైనా దీర్ఘవ్యాధి ఉన్న వృద్ధులు, ఒకటికి మించిన వ్యాధులున్న ఇతరులు. చిట్టచివర ఆరోగ్యవంతులైన పిల్లలు, పెద్దలు. ప్రతి ఏటా ఫ్లూ ఎక్కువగా ఎవరిని బలిగొంటుందో వారినే ముందు కాపాడాలన్నది దాని తర్కం. వైద్యుడికి ఇది సహజంగానే తోస్తుంది.

మరుసటి ఏడాది ఎజెకియెల్ ఇమాన్యుయెల్, అలన్ వెర్‌థైమర్ అనే ఇద్దరు 'సైన్స్' పత్రికలో దీనిని ప్రశ్నించారు. ప్రతి మనిషికీ జీవితంలోని దశలన్నీ చూసే అవకాశం ఉండాలి. వృద్ధులు వాటిని చూశారు, యువకులు చూడలేదు. కాబట్టి టీకా తయారీదారులు, ముందు వరుసలోని వైద్య సిబ్బంది తరువాత 13 నుంచి 40 ఏళ్ల వారికి ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. పసివారికంటే యువకులను ముందు నిలపడానికి వారు చెప్పిన కారణం, యువకుడు అప్పటికే చదువుకొని, ఆశలు పెంచుకొని, జీవితం మీద ఎంతో వెచ్చించి ఉంటాడని. వాదంలో పొందిక ఉంది. కాని ఏడాది పాపను ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఈ లెక్క చెప్పి చూడండి! నా మనసు మాత్రం దానికి ఒప్పలేదు. వృద్ధుల మాట వేరు. డెబ్బయి దాటిన నాకు ఆ భాగం అంత అన్యాయంగా తోచలేదు.

2009 ఏప్రిల్‌లో స్వైన్ ఫ్లూ వచ్చింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మహమ్మారిగా ప్రకటించింది. కాగితం మీది వరుసను తలకిందులు చేసింది తత్త్వవేత్తలు కాదు, రక్తపరీక్షలు. నిల్వ ఉంచిన రక్త నమూనాలను పరీక్షిస్తే అరవై దాటిన వారిలో మూడింట ఒక వంతు మందిలో ఈ కొత్త వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ముందే ఉన్నాయి. పరీక్షించిన పిల్లలలో ఒక్కరిలోనూ లేవు. 1918 నుంచి 1957 దాకా ఇదే జాతి వైరస్ సంచరించింది. ఆ కాలంలో పుట్టినవారి దేహం దాని జాడను మరచిపోలేదు. మరోవైపు అమెరికాలో జూన్ మధ్య వరకు నమోదైన తొలి 45 మరణాలలో ఆరుగురు గర్భిణులు. జనాభాలో గర్భిణులు నూటికి ఒక్కరే అని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య ఎంత భయంకరమో మీకే తెలుస్తుంది.

జూలై 29న అక్కడి టీకా సలహా సంఘం కొత్త వరుస ప్రకటించింది. గర్భిణులు, ఆరు నెలల లోపు శిశువులను సాకేవారు, వైద్య సిబ్బంది, ఆరు నెలల నుంచి 24 ఏళ్ల దాకా అందరూ, దీర్ఘవ్యాధులున్న 25-64 ఏళ్ల వారు. అరవై అయిదు దాటినవారు ఇందులో లేరు. ఏటా 'మీరే ముందు' అని పిలిపించుకున్న వృద్ధులను ఈసారి ఆగమన్నారు. ఆ శిశువుల ఊసును గమనించండి: అంత చిన్నవారికి ఈ టీకా పనిచేయదు, కాబట్టి వారిని ఎత్తుకునే చేతులకు టీకా వేసి రక్షించాలన్నారు.

నిర్ణయం సరైనదేనని తరువాతి లెక్కలు చూపాయి. అమెరికాలో ఆ ఏడాది సుమారు 12,500 మంది మరణించారని అంచనా; అందులో నూటికి 87 మంది 65 ఏళ్ల లోపువారు. మామూలు ఏళ్లలో ఫ్లూ మరణాలలో అత్యధికం వృద్ధులవే.

అయితే సరైన వరుస ఉన్నంత మాత్రాన సరిపోయిందా? ఆ జాబితాలోని జనం 15.9 కోట్లు. అక్టోబరు మధ్యకు 12 కోట్ల డోసులు వస్తాయని మొదట ఆశపెట్టారు. నెలాఖరుకు వచ్చినవి 3 కోట్ల లోపే. గుడ్లలో ఆ వైరస్ మందకొడిగా పెరగడమే ప్రధాన కారణం. టీకా మరీ తక్కువైతే జాబితాను 4.2 కోట్లకు కుదించే మార్గాన్ని సంఘం ముందే సూచించింది, కాని కొన్ని రాష్ట్రాలు కుదించాయి, కొన్ని కుదించలేదు. ఒక ఊళ్లో ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల విద్యార్థికి టీకా అందగా, మరో ఊళ్లో గర్భిణి తిరిగి వెళ్లవలసివచ్చే పరిస్థితి ఏర్పడింది. న్యూయార్క్‌లోని కొన్ని పెద్ద ఆర్థిక సంస్థల వైద్యశాలలకు డోసులు వెళ్లాయని తెలిసినప్పుడు జనం మండిపడ్డారు. తమ ఉద్యోగులలో జాబితాలోనివారికే వేస్తామని ఆ సంస్థలు చెప్పినా ఎవరికీ రుచించలేదు. 1957 నాటి కడబంతి మళ్లీ గుర్తుకు వచ్చింది.

వ్యాధి ఉధృతి అక్టోబరు చివరిలోనే పతాకస్థాయికి చేరింది. డిసెంబరులో డోసులు పుష్కలమై, వృద్ధులతో సహా అందరికీ తలుపులు తెరిచేసరికి రావలసినవారు తగ్గిపోయారు. 2010 వేసవిలో సుమారు 4 కోట్ల డోసులు గడువు తీరి కాల్చివేతకు వెళ్లాయి.

మన దేశంలో ఈ వ్యాధి తొలిసారి నిర్ధారణ అయినది 2009 మే 16న, న్యూయార్క్ నుంచి హైదరాబాదు వచ్చిన ఒక ప్రయాణికుడిలో. మనకు వరుస గురించి సుదీర్ఘ చర్చకు అవకాశమే లేకపోయింది. నూట ఇరవై కోట్ల జనాభాకు దిగుమతి చేసుకున్నవి 15 లక్షల డోసులు. అవి 2010 వసంతంలో వచ్చాయి, వైద్య సిబ్బందికి మాత్రమే కేటాయించారు. అప్పటికి ఉధృతి తగ్గింది. దుష్ఫలితాల భయంతో సిబ్బందిలోనూ చాలామంది చేయి చాపలేదు. స్వదేశంలో తయారైన టీకాలు ఆ ఏడాది మధ్యలో విపణిలోకి వచ్చాయి. ఆగస్టు 10న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి ముగిసిందని ప్రకటించింది.