పిడుగువారకము - తటస్థబిందువు

చెన్నపట్టణమున విద్యుత్తుతో ట్రాములు నడచుట 1895 లో నారంభమయ్యెను. 1932 లో నీలగిరులయందు పైకారా జలవిద్యుత్కేంద్రము నెలకొనిన పిదప మద్రాసు రాష్ట్రమున తీగెలు దూరదూరములకు వ్యాపించెను. 1947 లో నగర సరఫరాను ప్రభుత్వము స్వీకరించెను. తీగె పొడవైనకొలది పిడుగుభయమును పెరిగెను.

తీగెకును భూమికిని నడుమ నుండు కావలివాడు పిడుగువారకము. మెరుపుపోటును భూమిలోనికి దించి, వెంటనే తలుపు మూసికొనుట దాని ధర్మము. మూసికొనుటయే కష్టము.

11 కిలోవోల్టుల వ్యవస్థలో తీగెకును భూమికిని నడుమ సాధారణముగా నుండునది సుమారు 6.35 కిలోవోల్టులే. తటస్థబిందువు భూమితో సంధింపబడినచో, ఒక తీగె నేలను తాకగానే పెద్ద ప్రవాహము పారి, రక్షణసాధనము సరఫరాను త్రుంచును. సంధింపనిచోట అల్పప్రవాహమే పారును, దీపములారవు. ఇది సౌకర్యముగా దోచును. కాని వానలో తెగిపడిన తీగె ప్రాణాంతకముగా నట్లే యుండవచ్చును. తక్కిన రెండు తీగెలును భూమిదృష్ట్యా 11 కిలోవోల్టుల కెక్కి, గంటలకొలది నిలువవచ్చును.

భూసంధానముగల వ్యవస్థకు చాలిన 9 కిలోవోల్టుల వారకము నచట నుంచినచో, పిడుగు లేకయే వేడెక్కి పగులవచ్చును. మితిమీరి పెద్దదానిని బెట్టినచో ట్రాన్స్‌ఫార్మరునకు దక్కు రక్షణ తగ్గును. సిలికాన్ కార్బైడు బిళ్లలకు గాలిసందులు గూర్చిన పాత వారకముల స్థానమున నేడు సందులులేని జింకు ఆక్సైడు వారకములు వచ్చినవి; సందు లేనందున నీ యెన్నిక మరింత ముఖ్యమైనది.

కావున వారకము నెన్నువారు ఆకాశమును జూచుటకు ముందు తటస్థబిందువును జూడవలెను.