చిక్కుడుగింజలోని 840 అక్షరములు

పెద్దవాడు చెప్పినాడను కారణముననే యొక మాట ప్రమాణమగునా? ఈ ప్రశ్న మతాచారముల విషయమున మనకు తఱచు తటస్థించుచున్నది. శాస్త్రరంగమున నిట్టి చిక్కు లేదని కొందఱు తలంతురు. అది పొరపాటు. అచ్చటను గొప్ప పేరులు నిజమున కడ్డు నిలిచిన సందర్భములు గలవు. అందొకటి యొక చిక్కుడుగింజ చరిత్రము.

అమెరికా ఖండమున పుట్టిన జాక్ చిక్కుడు మన చమ్మకాయకు దగ్గఱి చుట్టము. దాని గింజలలో యూరియేజు అను ఎంజైము మెండుగా నున్నది. ఎంజైమనగా జీవులలోని రసాయనకార్యములను త్వరపఱచి, తాను మాత్రము ఖర్చు గాక మిగులు పదార్థము. యూరియేజు యూరియాను విఱుగగొట్టి అమ్మోనియాగను బొగ్గుపులుసు వాయువుగను మార్చును. పసులకొట్టమునుండి లేచు ఘాటువాసనకు నిదియే మూలము. పొలమున చల్లిన యూరియా యెరువులోని నత్రజని కొంత గాలిలో గలిసిపోవుటకును, నేలలోని సూక్ష్మజీవులయందలి యీ ఎంజైమే కారణము.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జేమ్స్ సమ్నరు 1917లో ఈ ఎంజైమును శుద్ధముగా వేఱుచేయ బూనుకొనెను. ఆయన పదునేడవయేట వేటలో జరిగిన ప్రమాదమువలన ఎడమచేయి పోగొట్టుకొన్నవాడు. అంతకుముందు పనులన్నియు నా చేతితోనే చేయువాడు. ఒంటిచేతివానికి రసాయనశాస్త్రము తగదని హార్వర్డులోని గురువు ఫోలిన్ హితవు చెప్పెను. సమ్నరు వినలేదు. తొమ్మిదేండ్లు శ్రమించి, 1926లో గింజలపిండిని నూటికి 32 పాళ్ల ఎసిటోను గలిపిన నీటిలో నానబెట్టి, వడగట్టి, ఆ ద్రవమును రాత్రియంతయు చల్లనిచోట నుంచెను. మఱునాడు సూక్ష్మదర్శినిలో చిన్నచిన్న స్ఫటికములు గానవచ్చెను. అవి యూరియేజు స్ఫటికములు; మాంసకృత్తు లక్షణములన్నియు వానియందుండెను.

అయినను పండితలోకము సమ్మతింపలేదు. 1915లో నోబెలు బహుమానము నొందిన జర్మనుపండితుడు విల్‌స్టాటరు, ఎంజైములు మాంసకృత్తులు కావనియు, మాంసకృత్తు వానిని మోయు వాహనమాత్రమనియు చెప్పియుండెను. ఆయన వర్గమువారు శుద్ధిచేసిన ద్రవములలో ఎంజైము శక్తి యుండెను గాని మాంసకృత్తు జాడ తగులలేదు. ద్రవము మిక్కిలి పలుచనగుటచే పరీక్ష కందలేదని వారికి దోచలేదు. 1930లో నార్త్రప్ పెప్సినును స్ఫటికములుగా చూపిన తరువాతనే లోకము మెల్లగా దారికివచ్చెను. 1946లో సమ్నరు, నార్త్రప్, స్టాన్లీలకు నోబెలు బహుమానము లభించెను.

మాంసకృత్తని తేలినంతమాత్రమున కథ ముగియలేదు. మాంసకృత్తులు ఇరువదివిధములైన ఆమినో ఆమ్లములు వరుసగా గూడిన పొడుగైన గొలుసులు. అక్షరముల వరుస మారిన అర్థము మారునట్లు, ఆమ్లముల వరుస మారిన గుణము మారును. ఆ వరుసను చదువవచ్చునని ఆంగ్లేయుడగు సాంగరు ఇన్సులినును శోధించి 1955నాటికి రుజువుచేసెను. అందున్న ఆమ్లములు 51 మాత్రమే. గొలుసు కొననుండి ఒక్కొక్క ఆమ్లమునే ఊడదీసి గుర్తించు పద్ధతిని స్వీడనువాడగు ఎడ్‌మన్ 1950లో ప్రకటించెను.

అయితే ఈ పద్ధతితో పొడవైన గొలుసును ఆద్యంతము చదువుట సాధ్యముకాదు. కావున దానిని ముక్కలుచేయవలెను. ఒక తాళపత్రగ్రంథమునకు రెండు ప్రతులుండి, రెండును వేర్వేఱుచోట్ల చినిగినవనుకొనుడు. ఒకదాని చినుగు రెండవదాని నిండుముక్క నడుమ బడును గనుక, రెంటిని పోల్చి మొత్తము గ్రంథమును కూర్పవచ్చును. శాస్త్రజ్ఞులును గొలుసును ఒకమాఱొక సాధనముతోను, మఱొకమాఱు వేఱొకదానితోను ఖండించి, ముక్కలను జదివి, అతుకులు కలిపిరి. ఇట్లు జపానుదేశీయులైన తకిషిమ, సుగ, మమియలు 1988లో యూరియేజు గొలుసు నంతయు ప్రకటించిరి. అందు 840 ఆమ్లములున్నవి. ఆరు గొలుసులు గూడినగాని ఎంజైము పూర్తి కాదు.

ఈ శ్రమకు ఫలమేమి? తరువాత సూక్ష్మజీవుల యూరియేజులతో పోల్చిచూడగా వింత బయలుపడెను. క్లెబ్సియెల్లా సూక్ష్మజీవిలో మూడు చిన్న గొలుసులుగాను, హెలికోబాక్టరులో రెండుగాను ఉన్నదే గింజలో ఒకే గొలుసై యున్నది. మొక్కకును సూక్ష్మజీవికిని గల బంధుత్వము అక్షరములలో వ్రాయబడియున్నది. హెలికోబాక్టరు కడుపుపుండ్లకు కారణమైన జీవి. అది యూరియేజుతో అమ్మోనియాను పుట్టించి, జీర్ణాశయపు పులుసును తట్టుకొని బ్రదుకును. చిక్కుడుగింజ చదువు రోగిమంచమువఱకు నడచినది.

స్ఫటికమును మొదట చూచిన సమ్నరునకును ఒక సంగతి తెలియలేదు. ఆ ఎంజైమునందు నికెలు లోహమున్నదని ఆస్ట్రేలియా పండితులు 1975లో కనుగొనిరి. అప్పటికి సమ్నరు గతించి ఇరువదియేండ్లు. గొలుసు ఎట్లు ముడుచుకొనియున్నదో, నికెలు ఎచ్చట నిలిచియున్నదో 2010లో మద్రాసు విశ్వవిద్యాలయమున బాలసుబ్రమణియన్, పొన్నురాజ్ అనువారు చూపిరి. 1926నాటి స్ఫటికపు నిండురూపము మనకు చేరువనున్న నగరముననే తెలియవచ్చుట సంతోషింపదగిన విషయము.

విల్‌స్టాటరు అల్పుడు కాడు; ఆయన పాండిత్యము నిజమైనది. అయినను ఆయన మాటకంటె పాత్రలోని స్ఫటికము బలవత్తరమయ్యెను. సమ్నరు మాటకును తరువాతివారు చేర్పు చేసిరి. అది ఆయనకు అగౌరవము గాలేదు. మన యిండ్లలో పిల్లలు "ఇది యెట్లు తెలిసినది?" అని యడిగినపుడు, "పెద్దలు చెప్పిరి" అని నోరు మూయింపక, తెలిసిన దారిని చూపుదము. దారి తెలియనిచో వారితో గూడ వెదకుదము.