ఎలైజా దాటిన నది

అమెరికా అంతర్యుద్ధానికి దారితీసిన పరిస్థితులను చదివేటప్పుడు మీకు ఒక నవలా దృశ్యం తరచుగా ఎదురవుతుంది. కొడుకును గుండెకు హత్తుకున్న ఒక యువతి ఒహాయో నదిలో తేలుతున్న మంచుపలకల మీద దూకుతూ, చెప్పులు పోయి, పాదాలు చీరుకుపోయి, అవతలి గట్టు చేరుతుంది. ఆమె పేరు ఎలైజా. నవల హారియట్ బీచర్ స్టోవ్ రాసిన 'అంకుల్ టామ్స్ కాబిన్'. ఇది 1851 జూన్ నుంచి ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చి, 1852 మార్చిలో పుస్తకమైంది. తొలి ఏడాదిలోనే అమెరికాలో సుమారు 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

ఈ దృశ్యాన్ని మాతృప్రేమకు నిదర్శనంగా మాత్రమే చదివితే చరిత్ర విద్యార్థికి దక్కేది తక్కువ. ఆమె ఎందుకు పారిపోవలసి వచ్చింది? నది దాటిన తరువాత కూడా ఎందుకు ఆగలేకపోయింది?

మొదటి ప్రశ్న తీసుకుందాం. ఎలైజా యజమాని షెల్బీ కెంటకీ రాష్ట్రంలో భూస్వామి. క్రూరుడు కాడు. అతని భార్య ఎలైజాను ఆదరంగానే పెంచింది. అయినా అప్పు తీర్చవలసి వచ్చినప్పుడు అతడు టామ్‌నూ, ఎలైజా కొడుకు హ్యారీనీ ఒక వ్యాపారికి అమ్మేస్తాడు. ఆ మాటలు చాటుగా విన్న ఎలైజా ఆ రాత్రే బిడ్డతో బయలుదేరుతుంది. యజమాని మంచితనానికి చట్టంలో విలువ లేదని గమనించండి. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. కెంటకీ 1792 వరకు వర్జీనియాలో భాగమే, ఆ నియమమే అక్కడా కొనసాగింది. 1808లో విదేశాల నుంచి బానిసల దిగుమతిని నిషేధించిన తరువాత, దక్షిణాది పత్తి తోటలకు కావలసిన మనుషులను కెంటకీ, వర్జీనియా వంటి రాష్ట్రాల నుంచే కొనసాగారు. హ్యారీ వంటి పిల్లలు ఆ వ్యాపారంలో సరుకు.

ఈ ఘట్టం పూర్తిగా కల్పన కాదు. 1838 శీతకాలంలో ఒక బానిస స్త్రీ బిడ్డతో ఇలాగే నది దాటి, ఒహాయోలోని రిప్లీ పట్టణంలో మతబోధకుడు జాన్ రాంకిన్ ఇంట ఆశ్రయం పొందింది. 1832 నుంచి 1850 వరకు సిన్సినాటిలో నివసించిన స్టోవ్ ఆ కథ విన్నది. 1849లో కలరాతో తన పసివాడిని పోగొట్టుకున్న తల్లి కూడా ఆమె. (ఎలైజాను వేటకుక్కలు తరుముతున్న బొమ్మలు మీరు చూసి ఉండవచ్చు. నవలలో ఆ నది దగ్గర కుక్కలు లేవు. అవి తరువాతి నాటక ప్రదర్శనలు చేర్చిన హంగులు.)

ఇక రెండవ ప్రశ్న. ఒహాయోలో బానిసత్వం లేదు. కానీ 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం ప్రకారం యజమాని అక్కడికీ వచ్చి పట్టుకుపోవచ్చు. పట్టుబడినవారికి జ్యూరీ విచారణ లేదు, తమ తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. సాయం చేసినవారికి 1000 డాలర్ల వరకు జరిమానా, 6 నెలల వరకు జైలు. తీర్పు చెప్పే కమిషనర్‌కు బానిసను తిప్పి పంపితే 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు ముట్టేవి! అందుకే ఎలైజా గమ్యం ఒహాయో కాదు, కెనడా. పారిపోయినవారికి సాయం చేయరాదనే చట్టానికి ఓటు వేసి ఇంటికొచ్చిన సెనేటర్ బర్డ్, ఆ రాత్రే ఆమెను బండిలో ఎక్కించుకుని సురక్షిత స్థలానికి చేరుస్తాడు. చనిపోయిన తమ బిడ్డ బట్టలను అతని భార్య హ్యారీకి ఇస్తుంది. నా దృష్టిలో నది దాటే ఘట్టం కంటే ఉత్తరాది పాఠకులను ఎక్కువగా ఇబ్బంది పెట్టినది ఈ ఘట్టమే. నేరం వారి గడపలోకి వచ్చింది.

నవలలో ఎలైజా చివరికి కెనడా చేరింది. 1856 జనవరిలో ఒహాయో నది మళ్ళీ గడ్డకట్టింది. మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ భర్తతో, పిల్లలతో కెంటకీ నుంచి ఆ మంచు మీదుగా నడిచి సిన్సినాటి చేరింది. కొన్ని గంటల్లోనే వెంటాడినవారు వారున్న ఇంటిని చుట్టుముట్టారు. బిడ్డలను తిరిగి బానిసత్వానికి అప్పగించలేక ఆమె తన రెండేళ్ళ కూతురిని చంపింది. ఆమెను హత్యానేరం కింద ఒహాయోలో విచారించాలని బానిసత్వ వ్యతిరేకులు వాదించారు. అలా విచారిస్తే చట్టం ఆమెను మనిషిగా గుర్తించినట్లవుతుంది. కోర్టు 1850 చట్టాన్నే అనుసరించి ఆమెను ఆస్తిగా కెంటకీ యజమానికి అప్పగించింది. అక్కడి నుంచి ఆమెను దక్షిణాదికి పంపారు.