బెంజీన్: సాంబ్రాణి ఇంటిపేరు

తలంటి పోశాక పసిబిడ్డ జుట్టు ఆరడానికి పొగ వేస్తామే, ఆ సాంబ్రాణే బెంజీన్ పేరుకు మూలం. అరబ్బు వర్తకులు సుమత్రా సాంబ్రాణిని ‘లుబాన్ జావీ’, అంటే జావా ధూపం, అన్నారు. యూరప్ వాళ్ల నోట మొదటి అక్షరం రాలిపోయి అది ‘బెంజోయిన్’ అయింది. అందులోంచి తీసింది బెంజోయిక్ ఆమ్లం. 1833లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్త మిట్షెర్లిక్ ఆ ఆమ్లాన్ని సున్నంతో కలిపి కాచి, దిగిన ద్రవానికి ‘బెంజిన్’ అని పేరు పెట్టాడు. అదే నేటి బెంజీన్. శాస్త్రవేత్త ఫారడే 1825లోనే కనుగొన్న ద్రవమే అది.

పేరులాగే వాసనా తియ్యగా ఉంటుంది. ఒకప్పుడు ల్యాబుల్లో చేతి జిడ్డు కూడా దీంతోనే కడుక్కునేవారు. తలుచుకుంటే గుండె జల్లుమంటుంది. ఊపిరితోనూ చర్మంలోంచీ లోపలికి వెళ్లిన బెంజీన్‌ను కాలేయం మార్చేస్తుంది. ఆ మారిన పదార్థాలు ఎముక మజ్జను దెబ్బతీస్తాయి. రక్తహీనత, ఏళ్ల తర్వాత రక్త క్యాన్సర్.

అందుకే ఇప్పుడు చాలాచోట్ల బెంజీన్ బదులు టోలీన్ అనే ద్రవం వాడుతున్నారు. దాని ఆవిరి తల తిప్పుతుంది, నరాలకూ చేటే. పొగగూడు లేకుండా సీసా మూత తీయకూడదు. కానీ మజ్జ జోలికి బెంజీన్‌లా పోదు. కాలేయం దాన్ని చాలావరకు బెంజోయిక్ ఆమ్లంగా మారుస్తుంది; అది హిప్యూరిక్ ఆమ్లమై మూత్రంలో పోతుంది. ఆ బెంజోయిక్ ఆమ్లం సాంబ్రాణిలో ఉండేదే!