రామేశ్వరం దారిలో తంజావూరు

మాది రాజమండ్రి. రైళ్లలో టికెట్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా వైపు నుంచి రామేశ్వరం వెళ్లేవాళ్లు చాలామంది మద్రాసు సెంట్రల్లో దిగి, ఎగ్మోరుకు మారి, రాత్రి బండెక్కి దుప్పటి కప్పుకుంటారు. ఆ బండి మెయిన్ లైను మీదుగా పోయేదైతే చిదంబరం, మాయవరం, కుంభకోణం, తంజావూరు చీకట్లోనే వెళ్లిపోతాయి. కార్డ్ లైను మీదుగా పోయేదైతే తంజావూరు తగలనే తగలదు. తంజావూరును ఇలా పడుకుని దాటేయడం రైలొచ్చాక పట్టుకున్న అలవాటు. కాలినడకన సేతువుకు పోయే కాలంలో యాత్రికుల్ని ఆపి, అన్నం పెట్టి, తడిబట్టలు ఆరాక పంపే ఏర్పాటు తంజావూరు రాజ్యమంతటా ఉండేది.

ఆ ఏర్పాటు పేరు సత్రం. తంజావూరు మరాఠా రాజులు రామేశ్వరం దారి పొడుగునా వీటిని కట్టించారు. చాలావాటికి రాణివాసపు ఆడవాళ్ల పేర్లే ఉంటాయి. నీడామంగళంలో యమునాంబాళ్ సత్రం, ఒరత్తనాడులో ముక్తాంబాళ్ సత్రం అలాంటివే. ఈ రెండోది రెండో శరభోజి తన ప్రియురాలి పేర పెట్టింది. ఈ సత్రాల్లో ఏం జరిగేదో మనకు తెలియడానికి కారణం ఒక అర్జీ. 1799లో ఈస్టిండియా కంపెనీవాళ్లు రాజ్యాన్ని శరభోజి చేతుల్లోంచి తీసేసుకుని ఆయనకు కోట, ఏటా భత్యం, రాబడిలో ఐదో వంతు వదిలారు. మిగతావి పోయినా పోయాయి గానీ సత్రాలను మాత్రం నా చేతుల్లోనే ఉండనివ్వండని ఆయన 1801లో ఇంగ్లీషు రెసిడెంటుకు ఉత్తరం రాశాడు. అక్కడ జరిగే పనులన్నీ అందులో వివరంగా చెప్పుకొచ్చాడు.

బ్రాహ్మణుడి దగ్గర్నుంచి పరయవాడి దాకా దారిన వచ్చిన ప్రతివాడికీ అన్నం. వండినది తిననివాళ్లకు స్వయంపాకం. అర్ధరాత్రి గంట కొట్టి, ఇంకా తిననివాళ్లెవరైనా ఉంటే రమ్మని పిలుస్తారు. వానలకు చిక్కుకున్నవాళ్లు తెరిపి ఇచ్చేదాకా ఉండిపోవచ్చు. జబ్బు పడితే వైద్యుడున్నాడు, పాము కాటుకు మందిచ్చేవాడూ ఉన్నాడు. పసిపిల్లలకు పాలు, నిండు చూలాలికి పురుడయ్యేదాకా ఆశ్రయం, దిక్కులేని చావు చస్తే దహనమో ఖననమో వాళ్ల ఆచారం ప్రకారం. పిల్లలకు చదువు చెప్పే పంతులు కూడా అక్కడే. రాజు తన దానాల గురించి తానే రాసుకున్నాడు కాబట్టి కాస్త తగ్గించి చదవాలని ఎవరైనా అంటే కాదనను. కానీ ఆ అర్ధరాత్రి గంట మాటను మాత్రం నేను నమ్ముతాను. రాత్రి డ్యూటీ చేసినవాడికి తెలుస్తుంది, ఆకలితో ఆలస్యంగా చేరేవాడు ఏ ఊళ్లోనైనా ఉంటాడని.

1855లో ఆఖరి రాజు శివాజీ మగ సంతానం లేకుండా పోయాడు. సింహాసనం పేరు కూడా పోయింది. ఆరేళ్లకే, 1861లో, గ్రేట్ సదరన్ ఆఫ్ ఇండియా కంపెనీ నాగపట్నం నుంచి తంజావూరుకు రైలు వేసింది. మరుసటి ఏడాది అది తిరుచ్చి చేరింది. ముందు పెద్ద గేజు వేశారు, 1875లో దాన్ని పీకి మీటరు గేజు చేశారు, మన కాలంలో మళ్లీ బ్రాడ్ గేజు చేశారు. ఇంత శ్రమ పడ్డ లైను దేశంలో ఎక్కువ ఉండదు. నడిచేవాళ్లు తగ్గాక సత్రాలతో పనీ తగ్గింది. ముక్తాంబాళ్ సత్రం విద్యార్థుల హాస్టలయింది.

ఇప్పటికీ రైల్వేవాళ్లు దారిలో దిగనిస్తారు. చాలామందికి ఇది తెలియదు, అడిగినవాళ్లకు పెట్టెలోనే చెప్పేవాణ్ణి. దూరం 500 కిలోమీటర్లు దాటిన టికెట్టు మీద ఒకచోట, 1000 దాటితే రెండుచోట్ల బ్రేక్ జర్నీ చేయొచ్చు. మొదటిసారి దిగేది బయల్దేరిన స్టేషన్ నుంచి 500 కిలోమీటర్లు వెళ్లాకే అయ్యుండాలి. ఒక్కోచోట రెండు రోజులు ఉండొచ్చు, దిగిన రోజూ ఎక్కే రోజూ లెక్కలోకి రావు. దిగగానే స్టేషన్ మాస్టారుతోనో టీసీతోనో టికెట్టు మీద తేదీ వేయించి సంతకం చేయించుకోవాలి. రాజధాని, శతాబ్ది లాంటి బళ్లకు ఇది వర్తించదు. అక్కణ్నుంచి ముందుకు బెర్తు కావాలంటే దాని సంగతి వేరేగా చూసుకోవాలి. రాజమండ్రి నుంచి రామేశ్వరానికి దూరం 1000 దాటుతుంది కాబట్టి తంజావూరులో నిక్షేపంగా దిగొచ్చు.

నేనూ మా ఆవిడా అలా దిగింది తెల్లవారుజామున. సామాను క్లోక్ రూములో పడేసి, స్టేషనెదుట ఇడ్లీ, కాఫీ కానిచ్చి పెద్ద గుడికి వెళ్లాం. విమానం ఎత్తు గురించి అందరూ చెబుతారు, నేను వదిలేస్తున్నాను. 1010లో ఈ గుడిని పూర్తి చేసిన రాజరాజ చోళుడు మాకు పరాయివాడు కాదు. ఆయన కూతురు కుందవ్వను వేంగి విమలాదిత్యుడికిచ్చారు. వాళ్ల కొడుకే మా రాజమండ్రినేలిన, నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజ నరేంద్రుడు. అమ్మ తండ్రి పేరే పెట్టుకున్నాడన్నమాట. ఈ సంగతి చెబితే మా ఆవిడ, "అయితే తాతగారింటికొచ్చాం, చెప్పులు విడిచి రండి" అంది. గోడల అడుగుభాగమంతా తమిళ శాసనాలే. గుడికి తెచ్చిన 400 మంది ఆటకత్తెల పేర్లు, వాళ్లు ఏ ఊరి గుళ్ల నుంచి వచ్చారో, ఏ వీధిలో ఎన్నో ఇల్లిచ్చారో కూడా చెక్కారు. ముందున్న పెద్ద నంది మాత్రం చోళులది కాదు, నాయక రాజుల కాలానిది. గర్భగుడి చుట్టూ ఉన్న లోపలి నడవాలో నాయకుల కాలపు బొమ్మల కింద చోళుల బొమ్మలున్నాయని 1931లో గోవిందస్వామి అనే పండితుడు కనిపెట్టాడు. పాత పూతను చెరిపేయకుండా దాని మీదే పూత వేసుకుపోయిన మన నాయకులకు ఒక నమస్కారం.

ఆ నాయకులు తెలుగువాళ్లు. 1532లో సేవప్పతో మొదలై 1673లో విజయరాఘవుడు మదుర నాయకుల చేతిలో చనిపోయేదాకా ఈ కోటలో కవిత్వమంటే ముఖ్యంగా తెలుగే. వాళ్లలో రఘునాథుడు తానూ రాశాడు, చేమకూర వెంకటకవి నుంచి విజయవిలాసం అంకితం తీసుకున్నాడు. తర్వాత వచ్చిన మరాఠాలు తెలుగును తోసేయలేదు. మరాఠీ ఇంట పుట్టిన షాహాజీ పల్లకీ సేవా ప్రబంధం తెలుగులో రాశాడు. ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది.

ఈ పుస్తకాలన్నిటికీ దాపు సరస్వతీ మహల్. నాయకుల నాటి గ్రంథాలకు శరభోజి ఎన్నో చేర్చాడు, కాశీయాత్రకు పోయి అక్కణ్నుంచీ తెప్పించాడు. 1918లో దాన్ని ప్రజల గ్రంథాలయం చేశారు. తాటాకుల బీరువాల మధ్య ఒకచోట మనుషుల ముఖాలను జంతువుల ముఖాల పక్కన పెట్టి పోల్చిన ఫ్రెంచి బొమ్మలున్నాయి. గుడ్లగూబ కళ్లూ ముక్కూ ఉన్న మనిషిని చూసి మా ఆవిడ మా పాత పెద్ద ఆఫీసరు పేరు చెప్పింది. నేనా పేరు ఇక్కడ రాయను.

ఒక పూట మిగిలితే తిరువయ్యారు 13 కిలోమీటర్లే, బస్సులున్నాయి. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ, తన సొమ్ముతో. 1910లో ముద్దుపళని పుస్తకాన్ని పూర్తిగా అచ్చుకిచ్చిందీ ఆమే. సర్కారు దాన్ని నిషేధిస్తే, స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో ప్రకాశం పంతులుగారి చొరవతో ఆ నిషేధం పోయింది. ఆమె సమాధి కూడా అక్కడే, స్వామివారి కెదురుగా ఉంది. రాత్రి రామేశ్వరం బండి అందుకోవాలనుకునేవాళ్లు అక్కణ్నుంచి పొద్దుండగానే బస్సెక్కడం మంచిది, క్లోక్ రూములో సామాను విడిపించుకోవడానికి రసీదు జేబులోనే ఉంచుకోవాలి.